గుడివాడకి వాలు తెచ్చిన సంగతి

ఈమధ్య ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు కొందరు మా ఇంటికొచ్చారు. కాఫీలు అయ్యాక అందులో ఒకమ్మాయి, "మేడం, మీ రోజుల్లో సరుకు రవాణాలో ఉద్గారాల తగ్గింపు ఎలా చేసేవారండీ?" అని అడిగింది. ప్రశ్న పట్టుచీర కట్టుకుని వచ్చినట్టుంది. మా రోజుల్లో దాన్ని మేం పొగ అనేవాళ్ళం. పొగ కంటికి కనపడేది, ఆరేసిన బట్టల మీద పడేది, దాని మీద అర్జీలు వచ్చేవి. కనపడని వాయువుల సంగతి మాకు తర్వాత తెలిసింది.

ఉండబట్టలేక ఆ పిల్లలకి ఒక కథ చెప్పాను. వాళ్ళు నమ్మినట్టు లేరు. అందుకని రాసి పెడుతున్నాను. నా సర్వీసంతా కలిపి నేను కాలర్ ఎగరేసుకోదగ్గ పని ఒక్కటే చేశాను. చీర కట్టుకునేదాన్ని కాబట్టి కొంగు ఎగరేశాననుకోండి. ఆ పని ఏ యంత్రమూ కాదు. ఒక మట్టి దిబ్బ.

తొంభైల చివర్లో నాకు బందరులో పోస్టింగు వచ్చింది. కాలుష్యం చూసే ఆఫీసులో ఇంజనీరుని. ఆఫీసంటే రెండు గదులు, ఒక టైపు మిషను, ఒక జీపు. జీపు నడిపే ఆయనది పక్కనే గూడూరు. నాకంటే కాస్త పెద్దవాడు, మాట తక్కువ, తలకాయ ఊపడం ఎక్కువ. జిల్లాలో ఎక్కడ పొగ లేచినా మేమిద్దరం వెళ్ళేవాళ్ళం. మేం వెళ్ళేసరికి అది ఎటూ తగ్గి ఉండేది, చూసొచ్చామని రాసేవాళ్ళం. ఉద్యోగం అలా హాయిగానే నడిచిపోయేది, గుడివాడ మిల్లుల రోడ్డు నుంచి అర్జీ రాకపోయి ఉంటే.

ఆ రోడ్డులో వరసగా బియ్యం మిల్లులు, వాటన్నిటికీ కలిపి ఒకటే కాటా. లారీని లారీగా ఎక్కించి తూచే పెద్ద కాటా అన్నమాట. కోతలై మాసూళ్ళ రోజులొచ్చాయంటే దివిసీమ ధాన్యమంతా అటే. అవనిగడ్డ, మోపిదేవి, చల్లపల్లి నుంచి లారీలు పామర్రు మీదుగా వచ్చి ఆ కాటా ముందు నిలబడేవి. తెల్లవారేసరికి వరస రోడ్డు చివరిదాకా ఉండేది. ఒక్కో లారీ కాటా ఎక్కేసరికి మధ్యాహ్నం దాటేది. అప్పటిదాకా అన్ని లారీల ఇంజన్లూ ఆన్‌లోనే. కదలవు, కానీ ఆగవు. గుడుగుడుమని నిలబడ్డచోటే డీజిలు తాగుతూ నల్లగా వదులుతూ ఉండేవి. రోడ్డు వారన ఇళ్ళవాళ్ళు కిటికీలకి గోనెపట్టాలు కట్టుకుని కాపరాలు చేసేవాళ్ళు.

నేను అంతకు కొద్ది నెలల ముందే హైదరాబాదులో ఒక శిక్షణకి వెళ్ళొచ్చాను. భూమి వేడెక్కుతోంది, దానికి ఇలాంటి పొగలోని వాయువులే కారణం, సముద్రమట్టం పెరుగుతుంది అని అక్కడ బొమ్మలు వేసి చూపించారు. కొత్తగా మంత్రం నేర్చుకున్నవాడికి దయ్యం కనపడ్డట్టు నాకు మిల్లుల రోడ్డు కనపడింది. ఇదే నా పని అనుకున్నాను.

మొదట బోర్డులు రాయించాను. పచ్చరంగు మీద తెల్లక్షరాలు. 'నిలిచి ఉన్నప్పుడు ఇంజన్ ఆపండి. డీజిలు ఆదా, ఆరోగ్యం ఆదా.' లారీ ఓనర్ల సంఘం పెద్దని పిలిచి మొదటి బోర్డు ఆయన చేతే కొట్టించాను. ఆయన భారీ మనిషి, నోరూ భారీయే. ఊరందరికీ ఆయన బావ, ఆయనకి ఊరందరూ బావలు. మేకు కొడుతూ కొడుతూ సుత్తి ఆపి వెనక్కి తిరిగి, "అంతా బాగానే ఉంది మేడం గారూ, ముందు మీ బండి ఆపించండి" అన్నాడు.

చూస్తే మా జీపు. బోర్డుకి సరిగ్గా ఎదురుగా నిలబడి, పొగ వదులుతూ గుడుగుడులాడుతోంది. మా డ్రైవరు పక్కనే నిలబడి తల ఊపుతున్నాడు. చుట్టూ ఉన్న లారీ డ్రైవర్లు నవ్విన నవ్వు ఇంకా నా చెవుల్లో ఉంది. నాకు తల కొట్టేసినట్టయింది.

"ఆపవయ్యా!" అన్నాను.

"ఆపొచ్చండి. కానీ ఆపితే మళ్ళీ స్టార్ట్ కాదండి. సెల్ఫ్ పని చెయ్యట్లేదు. నలుగురు తోయాలి. మీరొక్కరే ఉన్నారు కదండి," అన్నాడు.

ఆ రోజు నుంచి ఆ రోడ్డులో నా పేరు పొగ మేడం.

సంగతి కనుక్కుంటే ఆ లారీల్లోనూ చాలావాటికి సెల్ఫ్ లేదు. డీజిలు బండికి ఒక సుగుణం ఉంది. ఒకసారి స్టార్ట్ అయిందంటే తర్వాత బ్యాటరీతో పని లేదు. అందుకని చచ్చిన బ్యాటరీలతోనే ఏళ్ళ తరబడి నడిపేవాళ్ళు. పొద్దున ఊళ్ళో పదిమందీ తోసి స్టార్ట్ చేసిపెడితే మళ్ళీ ఇంటికెళ్ళేదాకా ఆపేవాళ్ళు కాదు. నిండా ధాన్యం వేసుకున్న లారీని రోడ్డు మీద తోయడం మాటలు కాదు. వరస కదిలేసరికి ఒకడి బండి స్టార్ట్ కాకపోతే వెనకవాళ్ళు దాటి వెళ్ళిపోయేవాళ్ళు.

అలా అలా అది కట్టుబాటుగా మారింది. ఇంజన్ మోగుతుంటే ఆ లారీ వరసలో ఉన్నట్టు. ఇంజన్ ఆగిందా, లేనట్టు. ఎంతదాకా వెళ్ళిందంటే, ఒకడు ఇంజన్ ఆన్‌లో పెట్టి మ్యాట్నీకి వెళ్ళొచ్చినా వాడి వరస పదిలం. ఇంకొకడు ఇంజన్ ఆపి స్టీరింగు పట్టుకుని లోపలే కూర్చున్నా, "ఆపేశాడు కదండీ" అని దాటిపోవడం న్యాయం. వాడు కూడా నోరెత్తడు. పోగొట్టుకున్న వరస గురించి పోట్లాడటం అక్కడ మర్యాద కాదు.

నేను ఇంజనీరుని కదా, నంబర్లు పెడదామన్నాను. వచ్చిన లారీకి వచ్చినట్టు ముందు భాగాన సున్నంతో అంకె రాయించాం. మధ్యాహ్నానికి ఏడో నంబరు లారీలు మూడు తయారయ్యాయి. సున్నం చెరపడానికి తడిగుడ్డ చాలు, రాయడానికి వేలు చాలు. మర్నాడు రంగుతో రాయించబోతే సంఘం పెద్ద చేతులు అడ్డం పెట్టాడు. "బావలు బళ్ళకి దిష్టిబొమ్మలు తప్ప ఇంకేం రాయనివ్వరండి," అన్నాడు.

ఇంతలో గుడివాడ రెవెన్యూ డివిజనుకి ఒక కుర్ర ఆఫీసరు వచ్చారు. చురుకైన మనిషి. ఏ పనీ రేపటికి వాయిదా వెయ్యరు. మిల్లుల రోడ్డు అర్జీ చూసి, ఒకరోజు వచ్చి ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని నడిచి, అక్కడికక్కడే తేల్చేశారు. లారీలు ఇక ఊళ్ళోకి రాకూడదు. పామర్రు రోడ్డులో ఊరి బయటే ధాన్యం దింపాలి. అక్కడి నుంచి ట్రాక్టర్ల మీద మిల్లులకి చేర్చుకోవాలి.

వినడానికి చాలా బాగుంది. ఇళ్ళవాళ్ళు చప్పట్లు కొట్టారు. కానీ కాస్త ఆలోచిస్తే లెక్క తిరగబడింది. అదే ధాన్యం రెండుసార్లు దించాలి, రెండుసార్లు ఎత్తాలి. ఒక లారీ సరుక్కి ట్రాక్టరు నాలుగైదు తిరుగుళ్ళు తిరగాలి. పొగ ఆ రోడ్డులో తగ్గుతుంది, మొత్తం మీద పెరుగుతుంది. రెండో ఎత్తుడు ఖర్చు భరించలేని చిన్న మిల్లులు మూతపడతాయి. వాటిని నమ్ముకుని బస్తాలు మోసే ముఠా కూలీలు ఆ రోడ్డులోనే రెండు వీధుల నిండా ఉన్నారు. వాళ్ళ పెద్ద నా జీపు దగ్గరికొచ్చి, "అమ్మా, మీరు బోర్డు పెట్టింది పొగ పోవాలనా, మేం పోవాలనా?" అని అడిగాడు. కోపంగా కూడా అడగలేదు. తెలుసుకుందామని అడిగినట్టే అడిగాడు. నేను జీపెక్కి ఆఫీసరు దగ్గరికి పోనిమ్మన్నాను.

కాలుష్యం ఆఫీసు నుంచి వెళ్ళి లారీల తరఫున వాదించిన మొదటి మనిషిని బహుశా నేనే అయ్యుంటాను. కుర్ర ఆఫీసరు ఓపిగ్గా విన్నారు. విని, "మీరు చెప్పేది లెక్కకి సరిపోతుంది మేడం. కానీ ఆ కిటికీలకి ఉన్న గోనెపట్టాలకి నేనేం చెప్పాలి? వచ్చే మాసూళ్ళ దాకా చూస్తాను. అప్పటికీ ఇంజన్లు ఆగకపోతే సంతకం పెట్టేస్తాను," అన్నారు.

పంట నుంచి పంట దాకా. అదీ నాకున్న గడువు.

ఇక్కడ మీకు మా టీ సంగతి చెప్పాలి. బందరు నుంచి గుడివాడ వెళ్ళేటప్పుడు పెడన దాటాక టీ తాగడం మాకు అలవాటు. దారిలో మంచి టీ దొరికే చోట్లు రెండున్నాయి. మా డ్రైవరు ఆ రెండూ వదిలేసి, గుడ్లవల్లేరు దగ్గర కాలవ వంతెన ఎక్కేచోట ఒక పాకలో ఆపేవాడు. అక్కడి టీ, గిన్నెలు కడిగిన నీళ్ళకి పంచదార వేసినట్టుండేది. పెద్దవాడు, ఏమనుకుంటాడో అని ఏడాదిపాటు మాట్లాడకుండా తాగాను. ఆ గడువు పెట్టిన రోజు మాత్రం తిరిగొస్తూ విసుగు ఆపుకోలేకపోయాను.

"ఈ టీ ఎట్టా తాగుతున్నావయ్యా నువ్వు?"

"బాగోదండి," అన్నాడు ఒప్పేసుకుంటూ. "వాలు బాగుంటుందండి."

"వాలేంటి?"

"వంతెన వాలండి. ఇక్కడ బండి ఆపేసుకోవచ్చు. వదిలితే దొర్లుతుంది కదండి, గేర్లో వేసి క్లచ్చి వదిలామంటే అదే స్టార్ట్ అవుద్ది. ఎవరూ తోయక్కర్లేదు."

చుట్టూ చూశాను. ఆ వంతెనకి అటూ ఇటూ జీపులు, వ్యాన్లు, ఒక లారీ. అన్నీ మూతి కిందికి పెట్టుకుని, ఇంజన్లు ఆపుకుని ప్రశాంతంగా ఉన్నాయి. డ్రైవర్లందరూ ఆ గిన్నెలు కడిగిన నీళ్ళే తాగుతున్నారు.

కృష్ణా డెల్టాలో మిట్ట అనేది లేదు. నేల నేలంతా చాపలా పరిచి ఉంటుంది. దేవుడు వాలు ఇవ్వలేదు, అందుకని బండి ఆపితే చచ్చినట్టే. వాలున్న చోటల్లా ఒక వంతెన, ఆ వంతెన కింద ఒక పనికిమాలిన టీ పాక. ఇంత చదువుకుని ఆ ముక్క నాకు అప్పటిదాకా తట్టలేదు. అప్పుడు మాత్రం సంతోషం పట్టలేక ఇంకో టీ తాగాను. అది కూడా బాగాలేదు.

దేవుడు ఇవ్వకపోతే వాలు మనమే పోసుకుందాం అన్నాను సంఘం పెద్దతో. మిల్లుల వెనకాల కాటాని ఆనుకుని పొడుగాటి ఖాళీ జాగా ఉంది. మిల్లుల వాళ్ళు ఊక కాల్చిన బూడిద పోసుకునే చోటు. అక్కడ మనిషి ఎత్తు దిబ్బ వేద్దాం. రోడ్డు వైపు నుంచి లారీ ఎక్కుతుంది. కాటా వైపు నున్నటి వాలు. పైన లారీలు పక్కపక్కన నిలబడతాయి, మూతులు కిందికి. ఎడమ చివర ఉన్నది ముందు దిగుతుంది, తర్వాత దాని పక్కది. ఎవరి తర్వాత ఎవరో చూసినవాడికి చూసినట్టే తెలుస్తుంది. నంబర్లక్కర్లేదు, ఇంజన్ మోగక్కర్లేదు. నిలబడ్డ చోటే వరస.

ఆయన చాలాసేపు మీసం తిప్పుకున్నాడు. "దొర్లి కాటావాడి మీద పడవా?" అన్నాడు.

"చక్రాల కింద దుంగలు పెడతాం. వాలు పొడుగ్గా, మెల్లగా ఉంటుంది."

"మట్టి ఎవడిస్తాడండీ?"

అక్కడే నేను తెలివితేటలు ప్రదర్శించాను. మట్టి ఎందుకు, అక్కడే కొండంత బూడిద ఉంది కదా, దాన్నే సర్ది దిబ్బ చేద్దామన్నాను. వ్యర్థం కూడా వాడకంలోకి వస్తుందని రాస్తే మా పైఆఫీసు వాళ్ళు మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. చైత్రంలో దిబ్బ లేచింది. వైశాఖంలో గాలి లేచింది. గుడివాడలో సగం ఊరు బూడిద పూసుకుంది. అప్పటిదాకా మిల్లుల రోడ్డువాళ్ళే అర్జీలు పెట్టేవాళ్ళు. ఇప్పుడు మార్కెట్టు సెంటర్ నుంచి కూడా వచ్చాయి, ఈసారి నా మీద. వాటి మీద విచారణ జరిపి నివేదిక పంపమని ఆ కాగితాలు మళ్ళీ నాకే వచ్చాయి. పొగ మేడం కాస్తా బూడిద మేడం అయింది. తొలకరికి మిగిలిన దిబ్బ మీద ఒక ఖాళీ లారీ ఎక్కించి చూస్తే ఇరుసు దాకా దిగబడిపోయింది. దాన్ని లాగడానికి వచ్చిన ట్రాక్టరూ దిగబడింది.

నాలుగు రోజులయ్యాక సంఘం పెద్దే ఫోన్ చేశాడు. "కాలవల పూడిక తీసిన మట్టి గట్ల మీద పడుంది. తోలుకోమంటున్నారు. మా బావల లారీలు ఖాళీగానే ఉన్నాయి. ఇటుక బట్టీల్లో ముక్కలు కూడా ఇస్తారంట. వేద్దామా, వద్దా?"

నేను ఫోన్‌లోనే ఏడ్చాను. ఆయన, "లైన్ బాగున్నట్టు లేదండి," అని పెట్టేశాడు.

బంకమట్టి, ఇటుక ముక్కలు, పైన గ్రావెల్. ముఠా కూలీలు డబ్బు అడగకుండా వచ్చి తట్టలు మోశారు. ఆషాఢంలో మొదలుపెడితే, మధ్యమధ్య వానలకి ఆగి, దసరాకి దిబ్బ గట్టిపడింది. రోడ్డు రోలరు తెప్పించి తొక్కించాం. బరువు లారీ ఎక్కితే చక్రం ఆనవాలు కూడా పడలేదు. మా డ్రైవరు జీపుని పైకెక్కించి, ఇంజన్ ఆపి, వదిలి, స్టార్ట్ చేసి చూపించాడు. చప్పట్లు కొట్టారు. ఇక గెలిచేశాననుకున్నాను.

మాసూళ్ళు వచ్చాయి. లారీలు వచ్చాయి. బుద్ధిగా దిబ్బ ఎక్కాయి, పక్కపక్కన నిలబడ్డాయి, మూతులు కిందికి పెట్టాయి. ఒక్కటీ ఇంజన్ ఆపలేదు.

అడిగితే అందరిదీ ఒకటే మాట. "వాడు ఆపనీయండి, నేనూ ఆపుతా." ఎన్నేళ్ళ అలవాటో కదా. ముందు ఆపినవాడు వెర్రివాడవుతాడని భయం. ఆ వాడు ఎవడా అని చూస్తే, అందరి చూపులూ ఒక ముసలి డ్రైవరు వైపు తిరిగేవి. నాగాయలంక అవతల ఉప్పునీటి అంచున ఉండే ఊరు ఆయనది. ఆయన లారీ ఆయన కంటే ముసలిది. కుర్ర డ్రైవర్లు ఆయన్ని మావయ్యా అని పిలిచేవాళ్ళు, ఏ తగువొచ్చినా ఆయన మాటే తీర్పు. వరసలో ఇంజన్ ఆపడం ఆయన జన్మలో చెయ్యలేదు.

బంగాళాఖాతంలో వాయుగుండం అని రేడియో చెప్పిన సాయంత్రం, సంఘం రేకుల షెడ్డులో అందరినీ కూర్చోబెట్టాను. మర్నాడు వానకి ముందే ధాన్యం తెచ్చెయ్యాలని దివిసీమంతా కదులుతుంది, ఎన్నడూ లేనన్ని లారీలు వస్తాయి. కుర్ర ఆఫీసరు కూడా రేపే వస్తానన్నారు. ఇక దాచుకోవడానికేం లేదు కాబట్టి హైదరాబాదులో విన్నదంతా చెప్పాను. మన బళ్ళు వదిలే దాంట్లో కనపడనిదొకటుంది, అది గాల్లో చేరి వేడిని పట్టి ఉంచుతుంది, దానివల్ల సముద్రం పైకొస్తుంది. కుర్రాళ్ళు ఒకళ్ళనొకళ్ళు గిల్లుకున్నారు. ముసలాయన మాత్రం బీడీ ఆర్పేశాడు.

"సముద్రం ఇంట్లోకొస్తే ఎట్టా ఉంటదో మీరు చదివుంటారమ్మా. నేను ఉప్పెనలో ఈదాను. మా అమ్మని పట్టుకున్న చెయ్యి జారిపోయింది."

కుర్రాళ్ళు గిల్లుకోవడం మానేశారు.

"గుడివాడలో నా బండి పొగకీ మా ఊరి సముద్రానికీ సంబంధం ఉందంటే నేను నమ్మలేనమ్మా. కానీ మీరు చెప్పాక, ఉందేమోనని అనుమానమైతే వచ్చింది." ఆయన తుండుగుడ్డ దులుపుకుని లేచాడు. ఆపుతాననలేదు, ఆపననలేదు. వెళ్ళిపోయాడు.

తర్వాత సంగతులు ఇక్కడే చెప్పేస్తాను, చివర్లో చెప్తే రుచి పోతుంది. అలాంటి దిబ్బలు ఆ తర్వాత అవనిగడ్డలో ఒకటి, బందరులో ఒకటి వేశారు. కొన్నేళ్ళకి కొత్త లారీలు వచ్చాయి, తాళం తిప్పితే చాలు స్టార్ట్ అయ్యేవి. దిబ్బల అవసరం తీరిపోయింది. గుడివాడ దిబ్బ తవ్వి ఆ మట్టి ఇళ్ళ పునాదులకి తోలుకున్నారట. నాకేం బాధ లేదు. పని అయిపోయిన దిబ్బ పునాదిలోకి వెళ్ళడం కంటే ఏం కావాలి? ఇంజన్ ఆపే అలవాటు మాత్రం ఆ డ్రైవర్లతోనే ఊరూరా వెళ్ళింది. అది తవ్వుకుపోయేది కాదు.

ఇక ఆ రోజు.

తెల్లవారేసరికి ఆకాశం మసిబట్టినట్టుంది. సన్నటి జల్లు. దిబ్బ ఈ చివర నుంచి ఆ చివర దాకా లారీలే. టార్పాలిన్లు కట్టుకుని, మూతులు దించుకుని, అన్నీ ఒక్కసారే గుడుగుడుమంటున్నాయి. ఎడమ చివర ముసలాయన బండి. ఎప్పటిలాగే అందరికంటే ముందొచ్చాడు. బండి పక్కన నిలబడి వేపపుల్ల నములుతున్నాడు. ఇంజన్ ఆన్‌లోనే ఉంది.

కుర్ర ఆఫీసరు గొడుగేసుకుని వచ్చారు. చేతిలో సంతకానికి సిద్ధంగా ఉన్న కాగితం. దిబ్బని చివరిదాకా చూసి నా చెవి దగ్గరికొచ్చి గట్టిగా అరిచారు. "మేడం, దిబ్బ చాలా బాగుంది! పొగ ఇప్పుడు ఇంకాస్త ఎత్తు నుంచి వస్తోంది!"

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆ కామెంటు నేనే చెయ్యాల్సింది. దిబ్బ కింద ముఠా కూలీలు తలల మీద గోనెసంచులు మడిచి వేసుకుని నిలబడ్డారు. కాగితం అంటే ఏంటో వాళ్ళందరికీ తెలుసు. వాళ్ళ పెద్ద నావైపు చూడటం మానేసి ఆఫీసరు జేబులోని పెన్ను వైపు చూస్తున్నాడు. ఆఫీసరు పెన్ను తీశారు.

ముసలాయన వేపపుల్ల పారేసి, క్యాబిన్లోకి ఎక్కాడు. నేను చూస్తూనే ఉన్నాను. ఏదో తీగ లాగాడు. ఆ బండి ఒకసారి ఒళ్ళు విదిలించుకుని ఆగిపోయింది.

పక్క లారీ కుర్రాడు మెడ బయటపెట్టి, "మావయ్యా, ఆగిపోయింది!" అని కేకేశాడు.

"ఆగిపోలేదురా. ఆపాను," అన్నాడు ముసలాయన.

ఆ కుర్రాడు మెడ లోపలికి తీసుకున్నాడు. తర్వాత తన బండి ఆపాడు. దాని పక్కది ఆగింది. ఆ పక్కది. దీపాలు ఒకదాని తర్వాత ఒకటి ఆర్పుకుంటూ వెళ్ళినట్టు చప్పుడు కుడివైపుకి తగ్గుకుంటూ పోయింది. మధ్యలో ఒకడు మొండికేస్తే అటు పక్కవాడూ ఇటు పక్కవాడూ తలుపు బాదారు. చివరి లారీ కూడా ఆగింది.

పెన్ను పట్టుకున్న ఆఫీసరు చెయ్యి అలాగే ఉంది. అయితే ఆయన లొంగలేదు. "ఆపడం సరే. కదలాలి కదా?" అన్నారు.

కాటావాడు పచ్చగుడ్డ ఊపాడు. ముఠా కూలీలు ఇద్దరు ముసలాయన చక్రాల కింద దుంగలు లాగేశారు. బండి కదల్లేదు. నిండా ధాన్యం, తడిసిన గ్రావెల్, బండి చూస్తే ఆ వయసుది. తర్వాత బ్రేకు వదిలిన చప్పుడు. ఒక జానెడు జరిగింది. ఇంకో జానెడు. నెమ్మదిగా, మనసు మార్చుకుంటున్నట్టుగా దొర్లడం మొదలుపెట్టింది. సగం వాలులో క్లచ్చి వదిలాడు. బండి ఎగిరిపడి, దగ్గి, ఊరుకుంది. ఎవరో "అయిపోయింది" అన్నారు. ఇంకొంచెం దొర్లింది. మళ్ళీ వదిలాడు. మళ్ళీ దగ్గింది. వాలు అయిపోవడానికి ఇక లారీ పొడుగు కూడా లేదు. సంఘం పెద్ద నా పక్కన నిలబడి, "పట్టు బావా, పట్టు బావా" అని గొణుగుతున్నాడు. నన్నో, బండినో, దేవుడినో నాకు తెలీదు.

మూడోసారి పట్టుకుంది.

ఆ బండి తన కడుపులో ఉన్న నలుపంతా ఒక్కసారి వదిలింది. తిన్నగా ఆఫీసరు గారి తెల్లచొక్కా మీద. తర్వాత కుదురుగా మోగుతూ కాటా ఎక్కి నిలబడింది.

నేను ఎగిరి గంతేశాను. నా వయసు, నా హోదా, జల్లులో తడిసిన చీర, ఏదీ గుర్తులేదు. దిబ్బ మీద డ్రైవర్లు ఈలలు వేశారు, కూలీలు గోనెసంచులు గాల్లోకి విసిరారు. సంఘం పెద్ద మా డ్రైవర్ని ఎత్తి తిప్పి కింద పెట్టాడు. ఆ మనిషి అప్పుడు కూడా తలకాయే ఊపాడు. రెండో లారీ దిగింది, మొదటిసారే పట్టుకుంది. మూడోది దిగింది. ఒకటి మాత్రం మొరాయిస్తే పదిమంది కూలీలు వీపులు ఆనించి కాటా దాకా నవ్వుకుంటూ తోసేశారు. దిగిన ప్రతిదానికీ ఒక కేక. తర్వాత మళ్ళీ చప్పుడు లేదు. వంతు వచ్చినప్పుడే మోగడం, తూకం కాగానే మిల్లులోకి వెళ్ళిపోవడం.

ఆఫీసరు కాటా గది అరుగు మీద నిలబడి చాలాసేపు చూశారు. గొడుగు ఎప్పుడో ముడిచేశారు. చొక్కా మీద మసిని ఒకసారి వేలితో రాసి చూసుకున్నారు. చివరికి ఆ కాగితం గోడకి ఆనించి, ఉన్నదంతా అడ్డంగా కొట్టేసి, కింద రెండు లైన్లు రాసి సంతకం పెట్టారు.

ముఠా పెద్ద అరుగు దగ్గరికొచ్చి చేతులు కట్టుకున్నాడు. "బాబూ, మాకు చదువు రాదు. ఏం రాశారో అందరికీ వినపడేట్టు చదవండి."

ఆఫీసరు కింద జనాన్ని, పైన ఆ చివరిదాకా ఉన్న లారీలని చూశారు. అరవడానికి గొంతు సవరించుకుని, నోరు తెరిచి, ఆగారు. అరవక్కర్లేదని ఆయనకి అప్పుడు అర్థమైనట్టుంది.

"లారీలు ఇక ముందు కూడా ఈ రోడ్డులోకి రావచ్చును. మిల్లులూ, పనివాళ్ళూ ఎక్కడివాళ్ళు అక్కడే ఉండవచ్చును," అని మామూలు గొంతుతో చదివారు.

దిబ్బ మీద చివరి లారీ దాకా వినపడింది.